హాస్యగాని దేశబహిష్కారము

చింతపల్లి సంతలో మిరియాల బేరము ముగించుకొని వచ్చిన మిత్రులొకరు మొన్న మాతో వాదమునకు దిగిరి. చార్లీ చాప్లిన్‌ను మేము దేశబహిష్కృతుడని వ్రాయుట అతిశయోక్తి యట. "సరస్సు దాపున మేడ, విశాలమైన తోట, ఎనిమిదిమంది సంతానము, పడుచు భార్య! ఇట్టి ప్రవాసము మాకును దయచేయింపుడు" అని నవ్విరి. ఈ మాట వారొక్కరిదే యైన మేము కలము పట్టకుందుము. చదువుకొన్న మన యిండ్లలో పలువురు ఇట్లే తలచుచున్నారు.

జరిగిన దేమి? 1952 సెప్టెంబరులో చాప్లిన్ తన 'లైమ్‌లైట్' చిత్రమును లండనులో ప్రదర్శించుటకై భార్యాబిడ్డలతో ఓడ యెక్కెను. ఓడ నడిసముద్రమున నుండగా అమెరికా అటార్నీ జనరల్ మెక్‌గ్రానరీ ఆయన తిరిగి వచ్చుటకిచ్చిన అనుమతిపత్రమును రద్దుచేసెను. ఇంటనున్నంతకాలము ఊరకుండి, గుమ్మము దాటగానే లోపలినుండి గడియ వేసిరన్నమాట. మరల రావలెనన్నచో తన రాజకీయములను గూర్చియు, నడవడిని గూర్చియు విచారణకు నిలువవలెను. తాను కమ్యూనిస్టును గానని ఆయన అంతకుముందే చెప్పియుండెను. 1944లో మోపిన అభియోగమున జ్యూరీవారు నిర్దోషి యనియే తీర్పు చెప్పియుండిరి.

నడవడి మాట వచ్చినది గనుక మేమేమియు దాచము. ఏబదినాలుగేండ్ల వయసున, 1943లో, పదునెనిమిదేండ్ల ఊనా ఓనీల్‌ను పెండ్లియాడినవానిని, అంతకుముందు పదునారేండ్ల బాలికలను ఇరువురిని వివాహమాడినవానిని, కన్యాశుల్కము చదివి వృద్ధవివాహములను నిరసించిన మనము మెచ్చజాలము. అయినను ఆ బాలికలపై కరుణ పుట్టి అమెరికా ప్రభుత్వము ఆయనను వెలివేసెనని నమ్మువా రెవ్వరును మాకింతవరకు తారసపడలేదు. నీతి పేరు చెప్పి అభిప్రాయములకు శిక్ష వేయుట పాత యెత్తు. మన కులసభలకును అది బాగుగా తెలియును.

'పడుచు భార్య' యని నవ్విన మిత్రులు ఆమె చేసినది తెలిసికొనవలదా? 1952 నవంబరులో ఆ ఊనాయే అమెరికాకు పోయి, అచ్చట చిక్కుకొనిపోయిన భర్త ధనమును యూరపునకు తరలించెను. 1954లో తన అమెరికా పౌరసత్వమును విడిచెను. తలుపు మూసినది భర్తకు. పౌరసత్వము వదలుకొన్నది భార్య.

1953 జనవరిలో ఆ కుటుంబము స్విట్జర్లండులో, వెవే పట్టణము చెంత స్థిరపడినది. తిండికి లోటు లేదు, నిజమే. కాని హాలీవుడ్డులో తన యిష్టము వచ్చినన్ని దినములు ఒక్క దృశ్యమును మరల మరల తీసికొనుటకు వీలైన సొంత స్టూడియో పోయినది. తన పద్ధతి నెరిగిన పనివారు దూరమైరి. లండనులో తీయగా 1957లో విడుదలయైన 'ఎ కింగ్ ఇన్ న్యూయార్క్' చూడుడు: అందు నవ్వుకంటె కోపమే హెచ్చు. 1967 నాటి చివరి చిత్రము మాకంతకంటెను రుచింపలేదు. పనిముట్లు లాగికొని పళ్లెమునిండ అన్నము పెట్టిన కమ్మరి సుఖముగా నున్నాడందుమా?

ఈ సంగతి చింతపల్లివారికి ఒకరు చెప్పవలసిన పనిలేదు. 1882 నాటి మద్రాసు అటవీశాసనముతో ఈ మన్యమున పుట్టినవాడు తన కొండమీదనే పరాయివాడయ్యెను. తాతలనాటి పోడు నేరమయ్యెను. ఆ కడుపుమంటయే 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు వెంట మన్యపువారిని ఇచ్చటి పోలీసుఠాణాపైకి నడిపించెను. ఆ పితూరీలో పాల్గొన్న గాం మల్లుదొర ద్వీపాంతరవాసము ననుభవించి, 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను. ద్వీపాంతరమునుండి వచ్చినవాని నొక ప్రజాస్వామ్యము సభలో కూర్చుండబెట్టిన యేటనే, మరియొక ప్రజాస్వామ్యము లోకమును నవ్వించినవానిని గెంటివేసినది. మల్లుదొర సభకు పోయినను పోడుకష్టము తీరలేదని మిత్రులు అడ్డువత్తురు, ఒప్పుకొందుము.

1972 ఏప్రిలులో అమెరికావారు ముసలియైన చాప్లిన్‌ను పిలిపించి గౌరవ ఆస్కారు నిచ్చి, లేచి నిలిచి చాలసేపు చప్పట్లు కొట్టిరి. ఎనుబదిమూడేండ్లు నిండవచ్చిన మనుష్యుడు కన్నీరు పెట్టుకొనెను. దీనితో బాకీ తీరినదని మిత్రుల వాదము. 'లైమ్‌లైట్' లాస్ ఏంజిలెస్ నగరమున ఆ యేటివరకు ప్రదర్శింపబడనందున, ఇరువదేండ్ల నాటి దాని సంగీతమునకు 1973లో ఆస్కారు వచ్చినది. ఆ బహుమానమున పాలుగల తక్కిన యిరువురు, రేమండ్ రాష్, లారీ రస్సెల్, అప్పటికే మరణించియుండిరి.