ఎడతెగనిదా? పదేపదే వచ్చేదా?

ఆంగ్లభాషలో ఒకే మూలం నుండి పుట్టి, రూపంలోనూ అర్థంలోనూ దగ్గరగా నిలిచే విశేషణాలు కొన్ని ఉన్నాయి. ‘కంటిన్యువస్’, ‘కంటిన్యువల్’ అటువంటి జంట. రెండూ లాటిన్ మూలం గలవే. రెండింటికీ ‘నిరంతరం’ అనే అర్థం చెప్పి ఊరుకోవడం మనకు అలవాటు. కాని వాటి నడుమ తెలుసుకోదగిన భేదం ఉంది.

ఏమాత్రం విరామం లేకుండా సాగేది కంటిన్యువస్. ఆగి ఆగి పదేపదే సంభవించేది కంటిన్యువల్. మన వంటగదినే గమనించండి. కట్టకుండా వదిలిన కుళాయి ధార మొదటిది. పొయ్యి మీది కుక్కరు వేసే ఈలలు రెండవది. ఒక ఈలకూ మరొక ఈలకూ మధ్య కొంత నిశ్శబ్దం ఉంటుంది. అలాగే, రాత్రంతా తెరిపి ఇవ్వకుండా కురిసిన వాన కంటిన్యువస్. పగలంతా వచ్చిపోతూ ఉన్న జల్లులు కంటిన్యువల్.

కాలానికే కాక స్థలానికి కూడా వర్తించేది మొదటి పదమే. రహదారిపై ఎక్కడా తెగకుండా గీసిన తెల్లగీతను కంటిన్యువస్ లైన్ అంటారు. అక్కడ రెండవ పదం పొసగదు.

ఈ భేదం పరీక్షాపత్రానికే పరిమితం కాదు. బిడ్డకు మూడు రోజులుగా జ్వరమని వైద్యునితో చెప్పే తల్లి, ‘కంటిన్యువస్ ఫీవర్’ అనవచ్చు. వైద్యశాస్త్రంలో ఆ మాటకు నిర్దిష్టమైన అర్థం ఉంది: 24 గంటలలో హెచ్చుతగ్గులు 1 డిగ్రీ సెల్సియస్‌కు మించకుండా, ఏ వేళలోనూ మామూలు స్థాయికి దిగని జ్వరం. కొన్ని గంటలు పూర్తిగా తగ్గి, మళ్లీ వచ్చే జ్వరానికి అక్కడ ‘ఇంటర్మిటెంట్’ అని వేరే పేరు. వ్యాధిని గుర్తించడంలో జ్వరం తీరు కూడా ఒక ఆధారం. కనుక సరైన ఆంగ్లపదం తోచనప్పుడు, “తగ్గుతోంది, మళ్లీ వస్తోంది” అని తెలుగులోనే చెప్పి, ఏ వేళకు ఎంత ఉన్నదో వ్రాసిన కాగితం చూపడం మేలు.

ఆంగ్లం మాతృభాషగా గలవారు సైతం సంభాషణలో ఈ నియమాన్ని ఎల్లప్పుడూ పాటించరు. అయినా వ్రాతలో పాటిస్తే భావం స్పష్టంగా ఉంటుంది.

ఈ నెల పిల్లలకు ఒక ప్రశ్న వేయండి: చదువుకునే వేళ మాటిమాటికీ మ్రోగే ఫోను ఏ పదానికి ఉదాహరణ? ఆగకుండా తిరిగే పంకా ఏ పదానికి? జవాబుతోపాటు కారణం కూడా చెప్పించండి.