లింకు కమీషన్: ఆశ ఎంత? రాబడి ఎంత?

మిరప కోతలు ముగిసి టిక్కీలు గుంటూరు యార్డుకు తరలే రోజుల్లో మన పల్లెల్లో కమీషన్ మాట ఎత్తని అరుగు ఉండదు. ఏ కొట్లో ఎంత కోస్తున్నారు, ఎవరి కాటా సరైనది, ఎవరు డబ్బు వెంటనే చేతిలో పెడుతున్నారు - ఈ లెక్కలు చదువురాని రైతుకు కూడా కొట్టిన పిండి. అటువంటి ఊళ్లలోనే ఇప్పుడు చదువుకున్న కుర్రవాళ్లు మరో కమీషన్ గురించి మాట్లాడుకుంటున్నారు. ఆ లెక్క మాత్రం వారిని ఎవరూ అడగడం లేదు. వారూ వేసుకోవడం లేదు.

దీనిని అఫిలియేట్ మార్కెటింగ్ అంటున్నారు. పేరు కొత్తదేగాని పని పాతదే. సంతలో ఎద్దుల బేరం కుదిర్చిన దళారికి, సంబంధం తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్యకు ముట్టేదే ఇక్కడా ముడుతుంది. అమెజాన్ వంటి కంపెనీ తన సరుకుకు మన గుర్తు ఉన్న లింకు ఇస్తుంది. ఆ లింకును మనం యూట్యూబులోనో మరో చోటో పెడతాం. దానిని నొక్కి వెళ్లినవారు సరుకు కొంటే ధరలో కొంత మనకు ఇస్తారు. అందువల్ల కొన్నవారికి ధర పెరగదు. అమెజాన్ కంపెనీ 1996లోనే, పుస్తకాలు అమ్ముకునే రోజుల్లో, ఈ పద్ధతి పెట్టింది. కనుక ఇది దొంగ వ్యాపారం కాదు. దీని మీద బతుకుతున్నవారూ ఉన్నారు. ఈ విలేఖరి ఆక్షేపణ ఆ పని మీద కాదు. ఆ పని పేరు చెప్పి పల్లెల్లో అమ్ముతున్న ఆశ మీద.

మా మండలంలో ఒక కుర్రవాడు డిగ్రీ పూర్తిచేసి ఎరువుల కొట్లో గుమాస్తాగా ఉండేవాడు. నెలకు తొమ్మిది వేలు. ఫోనులో ఒక ప్రకటన చూశాడు. తొంభై రోజుల్లో నెలకు లక్ష సంపాదించే విద్య నేర్పుతామని అందులో చెప్పారు. రుసుము 29,500 రూపాయలు. తల్లి పొదుపు సంఘంలో సభ్యురాలు. పాడి గేదె పేరు చెప్పి 30,000 అప్పు తీసుకుని కొడుకు చేతిలో పెట్టింది. కుర్రవాడు కొట్లో పని మానేశాడు.

క్లాసులు ఫోనులోనే జరిగాయి. మొదటి వారం లింకు ఎలా తీయాలో చెప్పారు. ఆ సంగతి ఉచితంగా ఎక్కడైనా దొరుకుతుంది. రెండో వారం అసలు గుట్టు బయటపడింది. సబ్బులు, ఫోన్లు అమ్మితే ఏమొస్తుంది, మా కోర్సునే అమ్మండి, మీరు చేర్చిన ప్రతి మనిషికి సగం మీకే అన్నారు. అంటే డబ్బు కట్టి చేరినవాడు నేర్చుకునే విద్య, మరొకడి చేత డబ్బు కట్టించడం. ఈ కుర్రవాడు ముగ్గురు స్నేహితులకు చెప్పాడు. ఒకడు చిన్న కోర్సుకు 9,000 కట్టాడు. ఇతనికి 4,500 వచ్చింది. ఆ తర్వాత ఏడు నెలల్లో సరుకుల లింకుల మీద అతనికి వచ్చింది మొత్తం 1,860 రూపాయలు. సొంత మిత్రుడి జేబులోంచి వచ్చినంత సొమ్ము మరెక్కడి నుంచీ రాలేదు. ఇప్పుడు ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. 4,500 తిరిగి ఇచ్చేశానని అతను ఈ విలేఖరితో చెప్పాడు. మిగతా సగం మాత్రం తన చేతికి వచ్చింది కాదు.

ఇక లెక్కకు వద్దాం. కమీషన్ సరుకును బట్టి మారుతుంది. కొన్నిటికి మెరుగ్గా ఉంటుంది, సెల్‌ఫోను వంటి వాటికి బాగా తక్కువ. నూటికి రూపాయి అనుకుందాం. పన్నెండు వేల ఫోను ఒకటి అమ్ముడైతే 120 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. ఆ కూలికి సమానం కావాలంటే రోజుకు రెండున్నర ఫోన్లు అమ్మాలి. నెలకు పన్నెండు వేలు రావాలంటే నూరు ఫోన్లు అమ్మించాలి. లింకు నొక్కిన నూరు మందిలో ఇద్దరు కొంటారనుకుంటే ఐదు వేల మంది నొక్కాలి. చూసినవారిలో పదిమందికి ఒకరు నొక్కుతారనుకుంటే యాభై వేల మంది చూడాలి. అదీ ప్రతి నెలా. ఇది ఉదాహరణ లెక్కే. ఇద్దరు కాదు నలుగురు కొంటారన్నా పాతిక వేల మంది చూడాలి. మన మండల కేంద్రంలో ఉన్న జనం అంతా కలిసినా అంతమంది ఉండరు.

చూసేవారు దొరికినా కొర్రీలు తప్పవు. అమెజాన్ పద్ధతిలో లింకు నొక్కిన 24 గంటల లోపల కొనాలి, లేదా కనీసం బుట్టలో వేసుకోవాలి. గడువు దాటి నేరుగా వెళ్లి కొంటే మనకు పైసా రాదు. కొన్నవారు సరుకు వాపసు ఇస్తే రాసిన కమీషన్ కొట్టేస్తారు. తన లింకుతో తానే కొనుక్కుంటే చెల్లదు. చేరిన 180 రోజుల్లో మూడు అమ్మకాలైనా జరగకపోతే ఖాతా మూసేస్తారు. లింకులు ఎక్కడ పెడతామో ముందుగా వారికి తెలియజేయాలి. ఈ నెల సంపాదించినది చేతికి రావడానికి నెల ముగిశాక మరో రెండు నెలలు పడుతుంది. ఈ నిబంధనలన్నీ ఒప్పందంలో ఉన్నాయి. అది ఇంగ్లీషులో ఉంది. మనవాళ్లు చదవకుండానే ఒప్పుకుంటున్నామని నొక్కుతారు.

కమీషన్ ఆలస్యం ఎలా ఉంటుందో ఈ విలేఖరికి తెలుసు. మాకు లైన్ అకౌంట్ తప్ప జీతం లేదు. సంక్రాంతికి, గణతంత్ర దినోత్సవానికి సర్పంచుల చేత, షాపులవారి చేత ప్రకటనలు వేయిస్తే కమీషన్ వస్తుంది. పేపరులో బొమ్మ వచ్చిన రోజున కాదు, బిల్లు వసూలైన రోజున. ఆ వచ్చేదానిని నమ్ముకుని ఏ నెలా ఇంట్లో బియ్యం బస్తా దించలేదు.

ఇంకొక సంగతి. ఇది పరాయి చేలో సేద్యం. కాగితం లేని కౌలు వంటిది. 2020 ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో కమీషన్ రేట్లు తగ్గించింది. ఫర్నిచర్ మీద 8 శాతం ఉన్నది 3 శాతానికి, కిరాణా మీద 5 శాతం ఉన్నది ఒక శాతానికి దిగింది. ఏళ్ల తరబడి దాని మీద బతికినవారు ఒక్క ప్రకటనతో సగానికి పైగా పోగొట్టుకున్నారు. అదే ఏడాది జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. లక్షల మంది అభిమానులను కూడగట్టుకున్న మన తెలుగు పల్లెల కుర్రవాళ్లకు తెల్లవారేసరికి చూసేవాడు లేడు. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. చేను మనది కానప్పుడు గట్టు మీద పందిరి వేసుకోవచ్చుగాని పక్కా ఇల్లు కట్టుకోలేం.

అన్నిటికన్నా పెద్ద పెట్టుబడి మరొకటి ఉంది. అది మన మాట. పట్నంలో లింకు పెట్టినవాడెవరో కొన్నవాడికి తెలియదు. పల్లెలో అలా కాదు. ఫలానా వారి అబ్బాయి చెప్పాడని కొంటారు. సరుకు నాసిదైతే కంపెనీని అనరు, ఫలానా వారి అబ్బాయిని అంటారు. 2014-15లో అగ్రిగోల్డ్ డిపాజిట్లు తిరిగి రాక లక్షల మంది గగ్గోలు పెట్టినప్పుడు ఊళ్లలో ఏజెంట్ల గతి ఏమైందో మనం చూశాం. వారిలో ఎందరో తమ సొమ్మూ అందులోనే పెట్టినవారు. అయినా జనం వారి గుమ్మం ముందే నిలబడ్డారు. డిపాజిట్ల వ్యవహారం వేరు, సరుకుల కమీషన్ వేరు, రెండూ ఒకటని చెప్పడం లేదు. కాని నమ్మి వచ్చిన ఇరుగుపొరుగు రెండింటిలోనూ ఒకరే.

అందుకే చట్టం కూడా కొన్ని హద్దులు గీసింది. కమీషన్ తీసుకుని సిఫారసు చేసేవారు ఆ సంగతి చూసేవారికి దాచకుండా చెప్పాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో సూచనలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటన చేసినవారికి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద పది లక్షల దాకా జరిమానా వేయవచ్చు. మనుషులను చేర్చినందుకే డబ్బు పంచే గొలుసు పథకాలను 1978 నాటి కేంద్ర చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరు నిబంధనలు ఆ మాటనే మళ్లీ గట్టిగా చెప్పాయి. సరుకు అమ్మితే వచ్చేది కమీషన్. మనిషిని చేరిస్తే వచ్చేదాని పేరు వేరే. ఈ తేడా తెలియక మన కుర్రవాళ్లు రేపు కేసుల్లో ఇరుక్కుంటే వారిని చేర్చుకున్న పెద్దమనుషుల ఫోన్లు పనిచేయవు.

మరి ఈ పని చేయకూడదా? చేయవచ్చు. చేరడానికి ఒక్క రూపాయి అడిగినా చేరకూడదు. పేరున్న కంపెనీలు లింకు ఇవ్వడానికి రుసుము తీసుకోవు. ఉన్న పని మానకూడదు. మొదటి ఆరు నెలలు ఏమీ రాదనే అనుకోవాలి. ఏడాది విడవకుండా చేస్తే ఫోను రీచార్జి, కరెంటు బిల్లు గట్టెక్కవచ్చు. అంతకు మించి వస్తే మంచిదే, దానిని ముందుగా లెక్కలో రాసుకోరాదు. పాన్ కార్డు ఉండాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 20,000 దాటిన కమీషన్ మీద 2 శాతం పన్ను ముందే కోసుకునే నిబంధన వచ్చింది. పాన్ లేకపోతే కోత 20 శాతం. పాలకేంద్రం చిట్టాలాగా ఒక నోటుబుక్కు పెట్టుకుని ఎంత వచ్చింది, రీచార్జికి ఎంత పోయింది, ఎన్ని గంటలు కూర్చున్నాం అని రాసుకుంటే మూడు నెలల్లోనే నిజం కంటికి కనిపిస్తుంది.

ఏ సరుకు గురించి చెప్పాలన్నది కూడా ముఖ్యమే. పట్నపు కుర్రవాళ్లు ఖరీదైన ఫోన్ల గురించి చెబుతుంటే చూసి మనవాళ్లూ అవే చెబుతున్నారు. ఆ ఫోను వీరి చేతిలో ఉండదు. మనకు తెలిసింది మనం చెప్పాలి. స్ప్రేయరు బ్యాటరీ ఎన్ని ట్యాంకుల దాకా వస్తుందో, ఏ టార్పాలిన్ రెండో వానకే చిరుగుతుందో పట్నంలో ఎవరికి తెలుసు? తెలుగులో ఆ మాట నిజాయతీగా చెప్పేవారి కోసం రైతులు వెతుకుతున్నారు. నాసి సరుకును నాసి అని చెప్పినవాడి మాటకే విలువ. ఆ రోజు కమీషన్ రాదు, నిజమే.

పెద్దలకు ఒక మనవి. ఫోను పట్టుకున్న ప్రతివాడినీ సోమరి అని తిట్టడం తగదు. డిగ్రీలు చేతబట్టుకుని తిరిగి తిరిగి అలసినవారే ఈ ప్రకటనల వలలో పడుతున్నారు. ఇంటి దగ్గర ఉద్యోగం లేదు, హైదరాబాదు గది అద్దెకు చాలే జీతం లేదు. ఆ నిరాశే కోర్సులవారికి పెట్టుబడి.

అధికారులు పట్టించుకోవలసినది పొదుపు సంఘాల అప్పు. పది మంది మహిళలు ఒకరికొకరు పూచీ ఉండి తెచ్చుకునే సొమ్ము అది. ఒక ఇంటి వాయిదా ఆగితే మిగిలిన తొమ్మిది ఇళ్లకూ అప్పు పుట్టదు. గేదె పేరుతో తీసుకున్న సొమ్ము కోర్సు ఫీజుగా మారుతుంటే సంఘం లీడర్లకు తెలియదా? తెలుసు. మొహమాటపడి అడగరు. గ్రామ సమాఖ్య సమావేశాల్లో ఈ విషయం ఒకసారి విప్పి చెప్పించాలి. డబ్బు పోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలని, వినియోగదారుల ఫిర్యాదులకు 1915 ఉందని సచివాలయం గోడ మీద రాయిస్తే ఖర్చు రంగు డబ్బా ఒకటి. మన జిల్లాలో ఇటువంటి కోర్సులకు ఎంత సొమ్ము పోయిందో ఎవరి వద్దా లెక్క లేకపోవడానికి కారణం, పోగొట్టుకున్నవారు నోరు విప్పకపోవడమే.

మొదట చెప్పిన కుర్రవాడు ఖరీఫ్ మొదలుకాగానే పాత యజమానిని అడిగి మళ్లీ ఎరువుల కొట్లో చేరాడు. సాయంత్రాలు కొట్టు మూశాక స్ప్రేయర్ల మీద చిన్న చిన్న వీడియోలు తీస్తున్నాడు. ఒక నాజిల్ పనికిరాదని చెప్పిన వీడియోనే అందరికన్నా ఎక్కువమంది చూశారట. గత నెల అతని ఖాతాలో 640 రూపాయలు పడ్డాయి. తల్లి కట్టవలసిన సంఘం వాయిదా నెలకు 1,400. ఇంకా పదకొండు వాయిదాలు ఉన్నాయి.