కలవారి పన్ను

కేంద్ర బడ్జెటు వచ్చుటకు ముందు పదిదినములపాటు దేశములో ఎల్లరును ఆర్థికవేత్తలగుదురు. వచ్చిన మరునాడు స్లాబుల పట్టికలో తమ జీతమెక్కడ పడినదో చూచుకొని, చేతికి మిగులునదెంతయో లెక్కకట్టుకొని, ఆ శాస్త్రమును మరుసటి ఫిబ్రవరి వరకు అటకమీద పెట్టుదురు. ఈ సందడిలో ముఖ్యమైన ప్రశ్న యొకటి యేటేట మరుగున పడిపోవుచున్నది. ప్రజల యాసుపత్రులకును, బడులకును, మంచినీటికిని కావలసిన ధనమును ఎవరి యాదాయమునుండి ఎంతెంత పుచ్చుకొనుట న్యాయము? ఈ విషయమున మా యభిప్రాయమును దాచుకొనవలసిన పని లేదు. అధికాదాయము గలవారు ఇప్పుడు చెల్లించుచున్న దానికంటె హెచ్చుగా చెల్లింపవలెను; ఆ హెచ్చుభారము, చేతికి రాకమునుపే జీతములో కోతపడు ఉద్యోగిమీద కంటె, వాటాల విలువ పెరుగుటచేతను పిత్రార్జితము సంక్రమించుటచేతను ధనికులగుచున్నవారిమీద ముందుగా పడవలెను; అట్లు వచ్చిన సొమ్ము ఆసుపత్రులను నిజముగా నడుపుచున్న రాష్ట్ర ప్రభుత్వములకు చేరవలెను.

పన్ను కట్టువారు గుప్పెడుమందియనియు, అనుభవించువారు ఊరంతయుననియు ఒక ఫిర్యాదు మధ్యతరగతి లోగిళ్ళలో తరచుగా వినబడుచుండును. ఆదాయపు పన్ను మాట వఱకు అది కొంత నిజమే కావచ్చును. కాని హోటలులో గిన్నెలు తోము పనివాడు తన సెల్‌ఫోనుకు 299 రూపాయల రీచార్జి చేయించుకొన్నప్పుడు, అందులో సుమారు 45 రూపాయలు నూటికి 18 చొప్పున జి.ఎస్.టి.గా ఖజానాకు చేరుచున్నవి. ఆ హోటలు యజమాని అదే రీచార్జి చేయించుకొన్నను అదే 45 రూపాయలు. మోపెడులో పోయించుకొను లీటరు పెట్రోలుమీద కేంద్రపు ఎక్సైజును రాష్ట్రపు వ్యాటును ఇద్దరికిని సమానమే. సమానమైన రేటు న్యాయమైన రేటని పైకి తోచును గాని, దినమునకు ఆరువందలు తెచ్చుకొనువాని 45 రూపాయలును, దినమునకు అరువదివేలు తెచ్చుకొనువాని 45 రూపాయలును ఒక్కటియే యని నమ్ముటకు గణితము తప్ప మఱేమియు తెలియనివాడై యుండవలెను. పేదరైతునకు పన్ను తగ్గించి, చెరువులు కాలువలు త్రవ్వించినచో రాజ్యమునకు అర్థధర్మములు రెండును చేకూరునని ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పిన శ్రీకృష్ణదేవరాయలకు ఈ తారతమ్యము తెలియును.

కలవారిని ముట్టుకొనలేని ప్రభుత్వము లేనివారిని ఎట్లు పట్టుకొనునో తెలుగువారికి వేఱుగా బోధింపనక్కఱలేదు. నెల్లూరు జిల్లాలోని దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రమునకు వచ్చిన స్త్రీలు సారా దుకాణమును మూయించి లేపిన యుద్యమము 1992లో రాష్ట్రమంతట వ్యాపించెను, 1993 అక్టోబరులో సారా నిషేధింపబడెను, ఎన్.టి. రామారావు ప్రభుత్వము 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును అమలుచేసెను. రెండేండ్లు తిరుగువఱకు, 1997లో, ఖజానా ఖాళీయగుచున్నదను కారణము ముందుపెట్టి ఆ నిషేధమును సడలించిరి. ఆ స్త్రీలు ఓడిపోయినది సారా వ్యాపారుల బలమువలన మాత్రమే యనుకొనుట పొరపాటు. పెద్ద యాదాయములమీద పన్ను వేయు అధికారము ఢిల్లీలోనుండ, తన యుద్యోగుల జీతములకును తన బడుల ఖర్చులకును చేతిలోనున్న కొద్ది పన్నులను వెదుకుకొను రాష్ట్రమునకు కూలివాని సీసాయే కామధేనువైనది. నేటికిని రెండు తెలుగు రాష్ట్రముల బడ్జెటు పత్రములలో మద్యపు రాబడి యే స్థానమందున్నదో చూచినవారికి ఆ ధేనువు పాలు తగ్గలేదని తెలియును.

ఇక కలవారేమి చెల్లించుచున్నారో చూతము. కొత్త పద్ధతికి 2025 బడ్జెటు నిర్ణయించిన స్లాబుల ప్రకారము, హైదరాబాదులో సాఫ్టువేరు కంపెనీలో ఏటికి 30 లక్షల జీతము పుచ్చుకొను ఉద్యోగి, 75,000 రూపాయల ప్రామాణిక మినహాయింపు పోగా, సెస్సుతో సహా రమారమి 4 లక్షల 76 వేల రూపాయలు చెల్లించును. అనగా అతని జీతములో నూటికి దాదాపు 16 వంతులు. అదే నగరములో, తాతనాటినుండి తన కుటుంబమున నున్న కంపెనీవాటాలలో కొన్నింటిని స్టాకు మార్కెట్టులో అమ్మి నూఱుకోట్ల లాభము పొందినవాడు, ఏడాదికి మించి వానిని అట్టిపెట్టుకొనియున్నచో, నూటికి 12.5 చొప్పున పన్నును, దానిపై 15కు మించని సర్‌ఛార్జిని, ఆపై సెస్సును చెల్లించును. అన్నియు కలిపినను నూటికి 15 వంతులు నిండవు. ఉదయమునుండి రాత్రివఱకు తెరముందు కూర్చుండి కన్నులు పోగొట్టుకొనువాని పన్నుకంటె, కూర్చున్నచోటనే సంపద పెరిగినవాని పన్ను తక్కువ రేటున నుండుటకు ఏ యర్థశాస్త్రములోనైనను సమాధానము దొరకునేమో గాని, ధర్మశాస్త్రములో దొరకదు. పైగా 24 లక్షలు దాటిన యాదాయమునకు అంతిమపు స్లాబు 30 వద్దనే ఆగిపోవుచున్నది. రెండుకోట్లకు పైబడినవారికి సర్‌ఛార్జితో కలిసి అది నూటికి 39 అగును. అటుపిమ్మట ఆదాయము రెండువందల కోట్లకు పెరిగినను మఱి మెట్టు లేదు. ఐదుకోట్లు దాటినవారికి పూర్వము 42.74గా నున్న దానిని 2023లో 39కి దించినది ప్రభుత్వమే. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30నుండి 22కు దించినప్పుడు ఖజానా వదలుకొనునది ఏటికి 1 లక్షా 45 వేల కోట్ల రూపాయలని ఆర్థిక మంత్రియే ప్రకటించిరి. తండ్రినుండి బిడ్డకు సంక్రమించు ఆస్తి యెంత పెద్దదైనను దానిమీద పన్ను సున్న.

ఈ సున్న స్వతంత్ర భారతములో ఎల్లకాలము నున్నది కాదు. వారసత్వముమీద ఎస్టేటు డ్యూటీ 1953లో వచ్చినది. కేంబ్రిడ్జి ఆచార్యుడు నికొలాస్ కాల్డోర్ 1956లో సమర్పించిన నివేదికను అనుసరించి 1957లో సంపదపన్నును, వ్యయపుపన్నును, 1958లో దానపుపన్నును ప్రవేశపెట్టిరి. అయితే కాల్డోర్ చెప్పిన మాటలో ముఖ్యమైన సగమును మనవారు వినలేదు: ఇన్ని మార్గముల పన్ను వేసినప్పుడు ఆదాయపు పన్ను గరిష్ఠపు రేటును నూటికి 45కు దింపవలెనని యాతడు సలహా ఇచ్చెను. దింపుటకు బదులు పెంచుకొనుచు పోయి, 1973-74 నాటికి సర్‌ఛార్జితో కలిపి దానిని 97.75 చేసిరి. గరిష్ఠపు స్లాబులో నూఱురూపాయలు సంపాదించిన రెండురూపాయల పావలా మిగులు దేశములో నిజము వ్రాసిన లెక్కలపుస్తకము ఎందఱి యొద్ద నుండును? ఎగవేతకు ఇట్టి రేట్లే ముఖ్యమైన మూలమని ప్రత్యక్షపన్నులను విచారించిన వాంఛూ కమిటీ 1971లోనే చెప్పియుండెను. నేడు కలవారిపై పన్ను అనగానే ఆ కాలమును చూపి బెదరించువారు కలరు. వారి భయము నిరాధారమని మేమనము. కాని 97 మూర్ఖత్వమైనంత మాత్రమున 15 వివేకము కాజాలదు. ఆ రెంటికి నడుమ కాల్డోర్ చూపిన విశాలమైన త్రోవ యొకటి నేటికిని నడచువారు లేక పడియున్నది.

ఎస్టేటు డ్యూటీని 1985లో విశ్వనాథ ప్రతాపసింగు ఆర్థిక మంత్రిగా రద్దుచేసినప్పుడు, దానివలన వచ్చునది 20 కోట్ల రూపాయలే యనియు, వసూలు ఖర్చు మిక్కుటమనియు కారణము చెప్పిరి. సంపదపన్నును 2015లో రద్దుచేసినప్పుడును ఇంచుమించు అదే వాదము. అప్పటి రాబడి ఏటికి సుమారు వెయ్యికోట్లు. తక్కువ వచ్చుటకు కారణమేమి? సంపదపన్ను చట్టము కారును, నగలను, నగరములోని ఖాళీస్థలమును పట్టుకొని, కోటీశ్వరుని సంపదలో సింహభాగమైన కంపెనీవాటాలను విడిచిపెట్టెను. పెద్దచేపలు పోవునంత కన్నము వలకు మనమే పెట్టి, చేపలు పడుటలేదని వలను చింపివైచితిమి.

కలవారు దేశము విడిచిపోవుదురను వాదము మిగిలినది. పోవుచోటనైనను పన్ను లేదా? మన పిల్లలు వేలకువేలుగా వెళ్ళి స్థిరపడుచున్న అమెరికాలో పెద్ద యాస్తుల వారసత్వముమీద ఫెడరల్ పన్ను నూటికి 40 వఱకు కలదు. మాసచూసెట్సు రాష్ట్రపు ఓటర్లు 2022 నవంబరులో తమ రాజ్యాంగమును సవరించుకొని, ఏటికి పదిలక్షల డాలర్లు దాటిన యాదాయముపై నూటికి నాలుగు వంతులు అదనముగా విధించి, ఆ సొమ్మును విద్యకును రవాణాకును మాత్రమే వాడవలెనని కట్టడి చేసిరి. వసూలు అంచనాలకు మించినది. బడిపిల్లలందఱికిని ఉచితభోజనము ఆ సొమ్ముతో నడచుచున్నది. బోస్టను పరిసరములందలి తెలుగు కుటుంబముల పిల్లలును ఆ పంక్తిలోనే కూర్చుండి తినుచున్నారు. అచ్చటి తెలుగువారు ఇల్లు కొనునప్పుడు మొదట విచారించునది ఆ వీథి యే బడి క్రిందికి వచ్చుననియే. ఆ బడికి ధనము చాలవఱకు ఆ యింటిపై తాము కట్టు ఆస్తిపన్నునుండి వచ్చును. అచ్చట సంతోషముగా కట్టునది ఇచ్చట అన్యాయమగుట చిత్రము.

అచ్చట బడి బాగుండును గనుక కట్టుచున్నాము, ఇచ్చట కట్టినందుకు ఏమి దక్కుచున్నదని వారు తిరిగి ప్రశ్నింతురు. ఆ ప్రశ్నకు విలువ కలదు. ఏ జిల్లా కేంద్రములోని పెద్దాసుపత్రికైనను ఒక సాయంకాలము పోయి చూడుడు: మంచమున కిద్దఱు రోగులు, వరండాలో చాపలు పరచుకొని వారి బంధువులు, స్కానింగు యంత్రము చెడినదని చీటీ వ్రాసి బయటి సెంటరుకు పంపు డాక్టరు, ఆ చీటీ పట్టుకొని కమ్మలు కుదువపెట్టుటకు పోవు తల్లి. డబ్బున్నవాడు ఆ గడప తొక్కుట మానివైచి చాలకాలమైనది; అతడు మానివైచుటచేతనే అచ్చటి చెడిన యంత్రమును గూర్చి గట్టిగా కేకవేయు గొంతు లేకపోయినది. ప్రజారోగ్యముపై ప్రభుత్వవ్యయము 2025 నాటికి జాతీయోత్పత్తిలో నూటికి 2.5 వంతులు కావలెనని 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానము నిర్ణయించెను, కాలేదు. విద్యకు నూటికి ఆఱు వంతులని 1966లో కొఠారీ కమిషను చెప్పెను, అదియు కాలేదు. ఆరోగ్యశ్రీ పేర 2007లో మొదలైన పథకము ఎందఱి గుండెలనో నిలబెట్టిన మాట నిజమే గాని, బకాయిలు తీర్పనిదే వైద్యము చేయజాలమని ప్రైవేటు ఆసుపత్రులు రెండు రాష్ట్రములందును పలుమారులు తలుపులు బిగించుటయు నిజమే. సేవలు బాగుపడినపిమ్మట పన్ను కట్టెదమనుట, నీళ్ళు వచ్చినపిమ్మట కాలువ త్రవ్వెదమనుట వంటిది. దుర్వ్యయము కలదు, దానిని అరికట్టవలెను. కాని చెడిన యంత్రము దుర్వ్యయమును తిట్టినంతనే బాగుపడదు.

ఇచ్చట సామాన్యముగా ఎవరును పట్టించుకొనని చిక్కు ఒకటి కలదు. ఆసుపత్రులు రాజ్యాంగము ప్రకారము రాష్ట్రముల బాధ్యత. ఆదాయపు పన్నులో రాష్ట్రములకు భాగమును ఆర్థిక సంఘము నూటికి 41గా నిర్ణయించినది. అయితే సర్‌ఛార్జికిని సెస్సుకును ఈ పంపకము వర్తింపదు. 270, 271 అధికరణముల ననుసరించి అవి కేంద్రమునకే చెందును. కాబట్టి ధనికులపై పన్ను పెంచితిమని సర్‌ఛార్జి రూపమున పెంచినంతకాలము, ఆ సొమ్ములో ఒక్క దమ్మిడీయు పంపకమునకు రాదు. ఆరోగ్యము పేరు, విద్య పేరు పెట్టి వసూలుచేయు నూటికి నాలుగువంతుల సెస్సుదియు ఇదే గతి. మఱియొక సంగతి: ఎస్టేటు డ్యూటీ యున్నంతకాలము, 269వ అధికరణము ఆనాటి రూపములో, వ్యవసాయేతరాస్తిపై వచ్చిన ఆ పన్ను నికరపు రాబడిని రాష్ట్రములకే చెందజేసెను. 1985లో ఢిల్లీ కొట్టివేసినది పేరునకు తన పన్ను; నష్టపోయినవి రాష్ట్రములు. రాష్ట్రములు మాత్రము నిర్దోషులని చెప్పజాలము. వ్యవసాయాదాయముపై పన్ను వేయు అధికారము వానిదే. చిన్నరైతును తాకకుండ, నగరముల చుట్టు వందల యెకరములు చేర్చుకొని ఇతర వ్యాపారపు లాభములను పంటలాభములుగా చూపువారిని మాత్రము పట్టుకొనుటకు ఏ ముఖ్యమంత్రియు సాహసింపకుండుటకు కారణము ఆర్థికము కాదు.

తెలుగు రాష్ట్రములు రెండును లోక్‌సభకు పంపిన సభ్యులు 42 మంది. రాష్ట్రమునకు నిధులు చాలవని వీరు పక్షభేదము లేక ప్రతి సమావేశమునందును మొరపెట్టుకొనుచున్నారు. ఆ నిధులు ఎవరియొద్దనుండి రావలెనో మాత్రము చెప్పరు. సర్‌ఛార్జిని మూలపు రేటులో కలిపి పంపకమునకు తెమ్మనియు, వాటాల లాభముపై పన్నును జీతముపై పన్నుతో సమానము చేయుమనియు, సామాన్యుని యిల్లును చిన్నరైతు చేనును తాకనంత యెత్తున పరిమితి పెట్టి వారసత్వపు పన్నును పునరుద్ధరింపుమనియు రాబోవు బడ్జెటు చర్చలో వీరు పట్టుపట్టవలెను. ఆ చర్చలో మన నియోజకవర్గపు సభ్యుడు దీనిపై నోరు విప్పెనా లేదా యని పాఠకులు కనిపెట్టియుండి, విప్పనిచో తరువాత ఓటు అడుగుటకు వచ్చినప్పుడు ఆ సంగతి యడుగవలెనని కోరుచున్నాము.