ఇరుగుపొరుగు: సుబేదారుగారి అడవి సవారి

ఈ నెల ఈ పేజీకి విషయం వెతుక్కుంటూ మేము ఎక్కడికీ పోనక్కర లేకపోయింది. పెరంబూరులో మేమున్న వీధిలోనే, మూడిళ్ళ అవతల, పాత బుల్లెట్టు చప్పుడుతో సహా అది సిద్ధంగా ఉన్నది.

ఆ ఇంటి యజమానిని వీధంతా సుబేదారుగారనే పిలుస్తుంది. మాకు వరసకు బావగారు. వారి తండ్రిగారు ఐ.సి.ఎఫ్. కార్ఖానాలో రైలుపెట్టెలు చేసిన మనిషి. ఆ కార్ఖానా మన పెరంబూరులో ప్రారంభమైనది 1955లో. మద్రాసు మోటార్సువారు ఇంగ్లండు కంపెనీతో కూడి ఈ ఊళ్ళో బుల్లెట్టు బండ్లు కూర్చడం మొదలుపెట్టినదీ ఆ సంవత్సరమే. "నాన్న ఒకదాంట్లో పనిచేశారు, నేను రెండోదాని మీద తిరిగాను" అంటారు సుబేదారుగారు.

వారు పద్దెనిమిదో ఏట మద్రాసు రెజిమెంటులో చేరారు. 1758 నాటి ఆ పటాలానికి శిక్షణ కేంద్రం నీలగిరులలో, కూనూరు పక్కన వెల్లింగ్టనులో ఉన్నది. అక్కడి కబుర్లు వారు చెప్పని పండుగ లేదు. అటువంటివారు అరవై తొమ్మిదో ఏట, మొన్న పుష్యమాసంలో, "వెల్లింగ్టను మైదానం ఒకసారి చూసి, మూడు అడవుల మీదుగా తిరిగి వస్తాను. బండి మీద, ఒక్కడినే" అన్నారు.

ఇంట్లో పెద్ద రభసే అయింది. పుణె నుంచి కుమారుడు మాకు ఫోను చేసి, "మీ మాటంటే నాన్నకు గురి, మామయ్యగారూ. మీరే మాన్పించాలి" అన్నాడు. మేము మాన్పించడానికే వెళ్ళాము. కాఫీ తాగి, చాప మీద పరచిన రోడ్ల పటం చూసి, గంట తరువాత మా ఉన్ని మఫ్లరు ఎరువిస్తామని మాట ఇచ్చి వచ్చాము. పాఠకులు నవ్వితే నవ్వవచ్చు.

విశాఖపట్నం భరద్వాజ దయాలగారు 2006-07లో ఒంటరిగా మోటారు సైకిలు మీద ప్రపంచం చుట్టి వచ్చినప్పుడు అందరమూ మెచ్చుకున్నాము. వయసులో ఉన్నవారు చేస్తే అది సాహసం. అరవై తొమ్మిదేళ్ళవారు అందులో వీసం వంతు చేస్తామన్నా, పిల్లల కంటికి మొండితనం.

చివరకు అక్కయ్యగారు రెండు షరతులు పెట్టారు. దీపాలు పెట్టే వేళకు బండి దిగాలి. దిగిన చోటి నుంచి ఫోను చేయాలి. సుబేదారుగారు లేచి నిలబడి సెల్యూట్ చేశారు.

మొదటి రాత్రి సేలంలో. రెండో రోజు మేట్టుపాళయం దాటి, ఘాటు ఎక్కి వెల్లింగ్టను. నీలగిరులకు పోయే బండ్లకు 2024 మే నుంచి హైకోర్టు ఉత్తర్వు మీద ఈ-పాసు పెట్టారు. ప్లాస్టిక్ నీళ్ళ సీసాలకు అక్కడ నిషేధం. వారి దగ్గర సైన్యం నాటి సీసా ఉన్నది గనుక చిక్కు లేదు. కొత్త రిక్రూట్ల కవాతును మర్నాడు దూరం నుంచి చాలాసేపు చూశారట. "మా హవల్దారు కేక వినిపించినట్టయింది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు" అన్నారు మాతో.

ఆ సాయంత్రం ఫోను రాలేదు.

ఏడయింది, ఎనిమిదయింది. మేము వారి వరండాలో కూర్చున్నాము. అక్కయ్యగారు ఏమీ అనలేదు. వంటింట్లో దీపం ఆర్పి వచ్చి, మళ్ళీ వెళ్ళి వెలిగించారు. మాన్పించవలసిన మనిషి మఫ్లరు ఇచ్చి పంపినాడన్న సంగతి మాకు అప్పుడు బాగా గుర్తుకు వచ్చింది. పదిగంటలకు గూడలూరులో ఒక లాడ్జి నుంచి ఫోను మోగింది.

జరిగినది ఇది. వెల్లింగ్టనులో ఆలస్యం. ఊటీ దాటాక చక్రంలో మేకు. బాగుచేసేవాడు దొరికేసరికి చీకటి. సెల్‌ఫోను చచ్చిపోయింది. మసినగుడిలో గదికి డబ్బు కట్టి ఉన్నారు గనుక గూడలూరులో ఆగక ముందుకు సాగారు. తొరపళ్ళి చెక్‌పోస్టు చేరేసరికి తొమ్మిది దాటింది. ముదుమలై అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా మూసి ఉంటుంది. దాని ఆవల బందీపూరులోనూ 2009 నుంచి ఇదే నిబంధన. రాత్రివేళ బండ్ల కింద పడి జంతువులు చనిపోతూ ఉండడమే కారణం.

"రెండు నిమిషాలు బతిమాలాను. మాజీ సైనికుణ్ణని కార్డు కూడా తీశాను. మనవడి వయసు కుర్రాడు. నిటారుగా నిలబడి సెల్యూట్ చేసి, గేటు మాత్రం తెరవనన్నాడు తమిళంలో. అప్పుడు సిగ్గు వేసింది. ఇన్నేళ్ళు కాపలా కాసినవాణ్ణి! వాడి చోట నేనున్నా తెరిచేవాణ్ణి కాను" అన్నారు సుబేదారుగారు. ఇంటి దగ్గర ఇచ్చిన మాట కూడా తప్పానన్నది ఆ గేటు ముందే తట్టిందట.

తెల్లవారి ఆరింటికి గేటు తెరిచారు. తెప్పకాడు దగ్గర మోయార్ నది మీద పొగమంచు. కొంత దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా మూడు ఏనుగులు, ఒక గున్న. వీరు దూరంగా ఆగిపోయారు. హారను కొట్టలేదు, దిగలేదు. అవి తీరికగా దాటాయి. "రాత్రి పోయి ఉంటే నా దీపానికి ఆ గున్న బెదిరేదేమో" అన్నారు.

బందీపూరు 1973లో పులుల సంరక్షణ పథకానికి ఎంచిన మొదటి తొమ్మిదింటిలో ఒకటి. అక్కడ లోపలికి మోటారు సైకిళ్ళను రానివ్వరు. అటవీశాఖ బస్సులో బడిపిల్లలతో కూర్చుని జింకలను చూశారు. ఆపైన మైసూరు, బెంగుళూరు, మన సీమ. 1989లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర జాతీయ ఉద్యానంలో 270 అడుగుల తలకోన జలపాతం కింద తల తడుపుకుని, తొమ్మిదో రోజు సాయంత్రం, దీపాలు పెట్టకముందే వీధి మలుపు తిరిగారు. మొత్తం సుమారు 1,300 కిలోమీటర్లు.

అక్కయ్యగారు హారతి ఇవ్వలేదు. "చార్జరు రెండు తీసుకుపోవాలి. ఇది మూడో షరతు" అన్నారు. అంటే మరోసారి పోవడానికి అనుమతి దొరికినట్టే అని మేము గ్రహించాము.

మన ఇళ్ళలో పెద్దవారు ఒంటరిగా ఎక్కడికైనా పోతామంటే వెంటనే కాదనకండి. అలాగని పోయేవారూ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఒంటరిగా పోవడమంటే ఎవరి మాటా వినకపోవడం కాదు. అడవి గేటు దగ్గర నిలబడినవాడూ, ఇంటి వరండాలో కూర్చున్నవారూ కూడా కాపలా కాస్తున్నవారే.

మా మఫ్లరు తిరిగి వచ్చింది. పెట్రోలు వాసన ఇంకా పోలేదు. ఉతకడానికి మాకు మనసు రావడం లేదు.