గర్భధారణకు మూలం పచ్చిక

బ్రెజిల్ మాంసపు పశుసంపదలో అగ్రస్థానం నెలోర్ జాతిది. దాని మూలం మన ఒంగోలు పశువే. ఆ జాతి పరాయి నేలపై నేర్పిన పాఠం మనకూ అవసరం.

ఈ జాతి ఆవుల చూడికాలం సుమారు 290 రోజులు. ఏటా ఒక దూడ కావాలంటే ఈనిన 75 రోజులలోపే ఆవు మళ్లీ చూడి కట్టాలి. ఈనేనాటికే చిక్కిపోయిన ఆవు తిన్న మేత ముందుగా శరీర పోషణకు, పాల ఉత్పత్తికి ఖర్చవుతుంది. ఎదకు రావడం ఆలస్యమవుతుంది. అనగా, తదుపరి చూడి ఈతకు ముందే పచ్చికబయలులో నిర్ణయమవుతుంది. మధ్య బ్రెజిల్‌లో వానలు అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకు కురుస్తాయి. అందుకే అక్కడ అనేక మందలలో ఆవులను దాటించే కాలాన్ని పచ్చిక సమృద్ధిగా ఉండే నెలలకే పరిమితం చేస్తారు.

జన్యు ఎంపిక పాత్రను కాదనలేము. వృషణాల చుట్టుకొలత అధికంగా గల ఆబోతులకు పుట్టిన పెయ్యలు సాధారణంగా త్వరగా ఎదకు వస్తాయి. అయితే మేత చాలనిచోట ఆ సుగుణం వ్యక్తం కాదు.

కనుక మన మెట్టప్రాంతాలలో ఒంగోలు పశువుల అభివృద్ధికి వీర్యనాళికలతోపాటు వేసవి మేతకూ ప్రణాళిక ఉండాలి. ఎదకు రాని ఆవుకు మేలుజాతి వీర్యం నిరుపయోగమే.