మాత్ర మానేయడం పొదుపు కాదు

వార్డులోకి అడుగుపెట్టగానే రోగి తాలూకు వాళ్ళు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న, "ఎలా ఉంది సిస్టర్?" అని. రెండోది, "ఇంకా ఎంతవుతుంది సిస్టర్?" అని. మొదటి ప్రశ్న గట్టిగానే అడుగుతారు. రెండో ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. వైద్యం ఖర్చు ప్రతి ఇంటికీ భారమే. ఆ ఖర్చు తగ్గించుకోవాలని అందరూ ప్రయత్నిస్తారు. కానీ నర్సింగు విభాగంలో ఇన్నేళ్ళుగా మేము చూస్తున్నది ఏమిటంటే, తగ్గించుకోకూడని చోట తగ్గించుకుని, తగ్గించుకోవలసిన చోట చేతికి ఎముక లేకుండా ఖర్చు పెడుతున్నాము.

ఒక ఆటో నడిపే ఆయన సంగతి చెబుతాము. బి.పి. ఉందని తెలుసు, మాత్రలు వాడేవారు. అమ్మాయి కాలేజీ ఫీజు కట్టవలసి వచ్చినప్పుడు, "తలనొప్పి లేదు, కళ్ళు తిరగడం లేదు, ఇక మాత్రలు ఎందుకు దండగ" అని మానేశారు. నాలుగు నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు తెల్లవారి లేచేసరికి మూతి వంకర పోయింది, కుడి చెయ్యి, కాలు పడిపోయాయి. ఇంట్లోవాళ్ళు ముందు పసరు మందుకు తీసుకువెళ్ళి, మరునాడు మా దగ్గరకు తెచ్చారు. ప్రాణం నిలిచింది గానీ చెయ్యి పూర్తిగా రాలేదు. మాత్రలు మానడం వలన మిగిలింది కొన్ని వందల రూపాయలు. పోయింది ఆటో, దానితోపాటు ఇంటి సంపాదన.

బి.పి.కి నొప్పి ఉండదు. షుగరు కూడా చాలాకాలం నొప్పి లేకుండానే లోపల పని చేస్తుంది. మాత్ర వేసుకుంటున్నందువల్లే బి.పి. మామూలుగా ఉంది. మామూలుగా ఉంది కదా అని మాత్ర మానకూడదు. కొనడం కష్టమైతే మార్గాలున్నాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ మాత్రలు ఉచితంగా ఇస్తారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతారు. జన ఔషధి దుకాణాల్లో అదే మందు కంపెనీ పేరు లేకుండా, సగం కన్నా తక్కువ ధరకు కూడా దొరుకుతుంది. డాక్టరుగారిని మందు అసలు పేరు రాయమని అడగండి. అలా అడగడం మర్యాద తప్పడం కాదు.

ఒకవేళ మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పట్టు తప్పినా, మాట ముద్దగా వచ్చినా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆ బండికి డబ్బు కట్టనక్కరలేదు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల లోపలే ఇవ్వాలి. పసరు కోసం తిరిగితే ఆ సమయం కాస్తా దాటిపోతుంది.

ఇక తగ్గించుకోవలసిన ఖర్చు సంగతికి వద్దాము. "నీరసంగా ఉంది సిస్టర్, బలానికి ఒక సెలైన్ పెట్టండి" అని అడగని రోజు ఉండదు. అర లీటరు సెలైన్ సీసాలో ఉండేది నీళ్ళు, నాలుగున్నర గ్రాముల ఉప్పు. గ్లూకోజు సీసాలో అయితే 25 గ్రాముల చక్కెర, అంటే సుమారు అయిదారు చెంచాలు. అంతకు మించి బలం అందులో లేదు. ఒకప్పుడు మేము కూడా, అడిగినవారిని నొప్పించడం ఎందుకని, అవసరం లేనివారికి పెట్టిన రోజులున్నాయి. అది మా తప్పే. వద్దని చెప్పి, ఎందుకు వద్దో కూర్చుని వివరించి ఉండవలసింది.

విరేచనాలు అవుతున్నవారు తాగగలుగుతూ ఉంటే ఓ.ఆర్.ఎస్. చాలు. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్ళలో కలపండి. ప్యాకెట్ దొరకకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో టీ చెంచాతో తలకొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువ కాకూడదు. ఓ.ఆర్.ఎస్. పేరు పెట్టుకుని డబ్బాల్లో అమ్మిన తీపి పానీయాలు ఇందుకు పనికిరావు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వాటి మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయితే వాంతులు ఆగకపోయినా, బిడ్డ మత్తుగా ఉన్నా, మూత్రం రాకపోయినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి. అప్పుడు సెలైన్ నిజంగా ప్రాణం నిలబెడుతుంది.

అలాగే మామూలు జలుబుకు యాంటీబయాటిక్ మాత్రలు పనిచేయవు. మోకాళ్ళ నొప్పులకు దుకాణంలో అడిగి నెలల తరబడి వేసుకునే నొప్పి మాత్రలు కిడ్నీలను పాడు చేయగలవు. పది రూపాయల మాత్రతో మొదలై డయాలసిస్ దాకా వెళ్ళినవారిని మేము చూశాము.

పాత చీటీలు, రిపోర్టులు, ఎక్స్‌రేలు ఒక సంచిలో పెట్టి వచ్చిన ప్రతిసారీ తెండి. అవి లేకపోతే చేసిన పరీక్షలే మళ్ళీ చేయవలసి వస్తుంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్య సేవగా ఉంది. మీ కార్డులో ఇంటిల్లిపాది పేర్లు ఉన్నాయో లేదో ఒంట్లో బాగున్నప్పుడే చూసుకోండి. 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో మొదలైంది. ఆపరేషన్ అని చెప్పినప్పుడు, చేరడానికి ముందే, ఆ జబ్బుకు ఆ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందా అని అడగండి. చేరిన తరువాత అడిగి బాధపడినవారు చాలామంది.

చివరిగా ఒక్క మాట. మందులకు డబ్బు చాలని నెల ఏ ఇంట్లోనైనా వస్తుంది. ఆ నెల మీ అంతట మీరు మాత్ర మానేయకండి, రోజు మార్చి రోజు వేసుకోకండి. ముందు వచ్చి మాతో చెప్పండి. చీటీలో ఏది తప్పనిసరో, ఏది టానిక్కో, దేనికి చవక మందు ఉందో డాక్టరుగారిని అడిగి చెబుతాము. గొంతు తగ్గించుకోనక్కరలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కూడా మా పనే.