కారుకు నమ్మకమైన మెకానిక్ దొరికేదెట్లా?

బంగారు గొలుసు చేయించాలంటే నాలుగిళ్లలో విచారించి గానీ కంసాలి దగ్గరికి పోము. కొత్త టైలర్ దగ్గరికి పోయినా ముందు ఒక్క జాకెట్టే ఇచ్చి, చేతులు సరిగా వచ్చాయో లేదో చూసుకుని తర్వాతే మిగతావి ఇస్తాం. మరి లక్షలు పోసి కొన్న కారును మాత్రం మొదట కనిపించిన షెడ్డులో వదిలేసి, "ఎంతైతే అంత, చేసిపెట్టన్నా" అనేస్తాం! కారు సంగతి మగవాళ్లదే కదా అనుకుంటాం. కానీ వాళ్లు డ్యూటీకి పోయాక షెడ్డు నుంచి ఫోను వచ్చేది మనకే. పిల్లలను ఎక్కించుకుని ఆ కారులో తిరిగేదీ మనమే. అందుకే ఈ వారం వంటింట్లోంచి కాస్త బయటికి వద్దాం.

మారుతి కారైతే ఏ ఊళ్లోనైనా బాగుచేసేవాళ్లుంటారు. చిక్కంతా అరుదైన జపాన్ బండ్లతోనే. మిత్సుబిషి లాన్సర్‌నే తీసుకోండి. 1998లో హిందుస్థాన్ మోటార్స్ వారు తమిళనాడులోని తిరువళ్లూరులో దాన్ని తయారుచేయడం మొదలుపెట్టారు. 2006లో సీడియా వచ్చింది. ఇప్పుడు అవి కొత్తవి రావు, పాతవాటినే చేతులు మార్చుకుంటున్నారు. ఆ లాన్సర్ వంశంలోదే ఇవల్యూషన్ అనే పందెం కారు. దాన్ని నడిపే ఫిన్లాండ్‌వాసి టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగేళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయ్యాడు. మగపిల్లలకు వాటి మీద అంత మోజు ఎందుకో తెలిసింది కదా! విదేశాల నుంచి దిగుమతి అయిన ఇట్లాంటి కార్లకు సామాన్లు దొరకడం కష్టం, చేయి తిరిగిన మెకానిక్ దొరకడం ఇంకా కష్టం.

మా మరిది ఒక పాత లాన్సర్ కొన్నాడు. నడి ఎండాకాలంలో కర్నూలు నుంచి కడపకు వస్తుంటే ఆళ్లగడ్డ దాటాక వేడి చూపే ముల్లు పైకెక్కింది. బండి ఆపి దగ్గర్లోని షెడ్డువాణ్ణి పిలిస్తే, బానెట్ ఎత్తీ ఎత్తకముందే "హెడ్డు పోయిందక్కా, ఇంజను ఇప్పాల, నలభై వేలవుతుంది" అన్నాడట. మా తోడికోడలు ఊరుకునే మనిషి కాదు. "ఏం చూసి చెప్తాండావన్నా?" అని అడిగింది. జవాబు లేదు. బండిని లారీ మీద ఎక్కించి వేరే మెకానిక్ దగ్గరికి చేర్చారు. ఆయన ముందు ఇంజను చల్లారనిచ్చాడు. తర్వాత ఒక్కొక్కటే చూస్తూ పోతే రేడియేటర్ ఫ్యాను తిరగడం లేదని తేలింది. పోయింది ఒక చిన్న రిలే! కొన్ని వందలతో పనయిపోయింది. పాత రిలే కూడా చేతిలో పెట్టి, "దీన్ని ఇంటికి తీసుకుపోండక్కా" అన్నాడు.

ఇద్దరికీ తేడా ఎక్కడుందో గమనించారా? మొదటివాడు ఊహించి చెప్పాడు, రెండోవాడు చూసి చెప్పాడు. నమ్మకానికి గీటురాయి అదే. తక్కువ రేటూ కాదు, తీయటి మాటా కాదు.

ఇక మనం చేయవలసినవి:

మెకానిక్‌ను బండి చెడకముందే వెతికిపెట్టుకోండి. అదే రకం కారున్నవాళ్లను, విడిభాగాల షాపువాళ్లను అడగండి. ముందు ఆయిల్ మార్చడం వంటి చిన్న పని ఇచ్చి చూడండి. "ఈ బండి నాకు అలవాటు లేదు, బెంగళూరులో చూపించండి" అని చెప్పేవాడు దొరికితే వదులుకోకండి. తెలియనిది తెలియదనేవాడు మోసం చేయడు.

సామాను ఆర్డరిచ్చేటప్పుడు ఛాసిస్ నంబరు రాసివ్వండి. ఒకే పేరున్న కారుకు ఏడాదిని బట్టి భాగాలు మారతాయి. "అదే సైజు, సరిపోతుందిలే" అంటే ఒప్పుకోకండి. అడ్వాన్సు ఇస్తే రసీదు తీసుకోండి.

టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారని అడగండి. అది రబ్బరుది, కాలంతో పాటు పాడవుతుంది. కొన్ని ఇంజన్లలో అది తెగితే లోపలి వాల్వులు వంగి ఇంజనంతా విప్పాల్సి వస్తుంది. సెకండ్ హ్యాండ్ బండికి మార్చిన రుజువు లేకపోతే మార్పించేయడమే మేలు.

మన బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది కదా, రేడియేటర్‌లో పోస్తే లోపలా అంతే. కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ కలిపే వాడమనండి. ఇంజను వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ప్రెషర్ కుక్కర్‌లో లాగే ఒత్తిడి ఉంటుంది, ఒళ్లు కాలుతుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి ఆగిపోతే రెండు చక్రాలు ఎత్తి లాక్కుపోనివ్వకండి, గేరుబాక్సు దెబ్బతింటుంది. మొత్తం బండిని లారీ మీదికే ఎక్కించాలి.

పనికి ముందు ఖర్చు అంచనా కాగితం మీద రాయించుకోండి. "అడగకుండా అదనపు పని చేయొద్దు" అని కూడా అందులో రాయించండి. తీసేసిన పాత భాగాలు, బిల్లు తప్పకుండా అడగండి.

బిల్లు ఎందుకంటారా? 2020 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, పని హైదరాబాదులో చేయించినా ఫిర్యాదు మనం ఉండే జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. మనం చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. ముందుగా 1915కు ఫోను చేసి సలహా అడగవచ్చు. బిల్లు లేకపోతే మాత్రం మన మాటకు బలం తగ్గిపోతుంది.

పాల లెక్క, గ్యాసు లెక్క రాసుకునే పుస్తకంలోనే కారుకు ఒక పేజీ కేటాయించండి. ఆయిల్, బెల్ట్, బ్యాటరీ ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్లకు మార్చారో రాయండి. ఈ ఎండాకాలంలో తిరుపతి ప్రయాణం పెట్టుకునేవాళ్లు వారం ముందే ఆ పేజీ ఒకసారి తిరగేయండి.